సముద్రానికి మైలేంది

తండ్రి పోయాడని ఫోను వచ్చేసరికి నాగరాణి బందరు పక్కన గిలకలదిండి హార్బర్‌లో మోకాలి లోతు బురదలో నిలబడి, పడవలు కట్టే పాత తాడును కోస్తోంది. అమావాస్య కావడంతో సముద్రం బాగా వెనక్కి తగ్గింది. మామూలు రోజుల్లో నీళ్ల కింద ఉండే గుంజలన్నీ పైకి తేలాయి. తెల్లారింది గానీ ఎండ ఇంకా రాలేదు. "అక్కా, బాపు పోయిండు," అన్నాడు తమ్ముడు గోపాల్. ఎప్పుడని అడగాలి, ఎట్లా అని అడగాలి. ఏమీ అడగలేదు. "వస్తున్న," అని ఫోను జేబులో పెట్టుకుని, ఆ తాడు కోయడం పూర్తి చేసింది.

ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? కన్నతండ్రి పోతే కత్తి అక్కడ పారేసి పరుగెత్తాలి గానీ తాడు కోసుకుంటూ నిలబడతారా అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆ తాడు ముక్క కోసం ఆ పిల్ల ఎన్ని తీరాలు తిరిగిందో తెలిస్తే ఆ మాట రాదు. తెలిసినా అనేవాళ్లు అంటారనుకోండి, లోకం సంగతి మనకు తెలియనిదా!

నాగరాణిది నకిరేకల్ నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. గొర్లు కాసుకునే గొల్లల ఇల్లు. నల్లగొండలో డిగ్రీ చదివి, పైచదువుకు విశాఖ వెళ్లి, అక్కడ హైడ్రాయిడ్ల మీద పరిశోధనకు చేరింది. హైడ్రాయిడ్లంటే చూడటానికి నాచులాగానో గడ్డిపూల గుత్తిలాగానో ఉంటాయి గానీ మొక్కలు కావు, ప్రాణులు. రాయి, గుంజ, తాడు, ఆల్చిప్ప, పడవ అడుగు, గట్టిగా ఏది దొరికితే దాన్ని పట్టుకుని పెరుగుతాయి. ఏ రకం ఏ తీరాన ఉంది, ఎక్కడ లేదు, ఎందుకు లేదు అన్నదే నాగరాణి పని. భీమిలి దిక్కున రాళ్లుంటాయి కాబట్టి అక్కడ రకాలెక్కువ. గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసే చోట అంతా బురదే. పట్టుకోవడానికి రాయి దొరకదు, మంచినీళ్లు కలిసి ఉప్పు చాలదు, అక్కడ ఏ కొన్ని రకాలో మిగులుతాయి. వానాకాలపు వరదకు అవి కూడా రాలిపోయి చలికాలంలో మళ్లీ మొలుస్తాయి.

ఇదంతా ఇంటికి వచ్చినప్పుడు ఓపిగ్గా చెప్పేది. తండ్రి గుర్వయ్య అంతా విని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. "మేత ఉన్న కాడికి మంద పోతది. గింతే గద బిడ్డా?"

"గింతే బాపూ," అనేది. అంతే కాదని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు.

గుర్వయ్య సముద్రాన్ని ఒక్కసారే చూశాడు. సర్కారు గొర్లిచ్చిన ఏడు, మంచివి ఎంచుకుని తెచ్చుకోవడానికి ఊరి గొల్లలతో కలిసి ఒంగోలు దిక్కు పోయినప్పుడు చూశాడు. తిరిగొచ్చి, "గన్ని నీళ్లున్నయి, ఒక్క మందకు దూప తీరదు. గదేం సముద్రమే!" అని ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. కూతురు చదివేది ఆ సముద్రాన్నే అని తెలిశాక మాత్రం ఆ మాట మళ్లీ ఎవరి ముందూ అనలేదు.

ఇక గిలకలదిండి తాడు సంగతి. ఆ తాడు మీద మొలిచిన రకం వేరు. పొడుగు కాడ, కాడ చివర గోరంత గులాబీ రంగు తల, తల చుట్టూ సన్నటి మీసాలు. మన తీరంలో ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ రాయని రకం. ఏ పడవ అడుగునో అంటుకుని ఎక్కడి నుంచో వచ్చి ఉంటుందని నాగరాణి అనుమానం. అంతకు ముందెప్పుడో ఒకసారి దొరికితే సంబరం పట్టలేక అక్కడికక్కడే స్పిరిట్‌లో వేసింది. ఇంకేముంది, మీసాలన్నీ ముడుచుకుని మిరియాల్లా అయిపోయాయి. "ఇది ఏదని చెప్పమంటావు తల్లీ? విచ్చుకున్నవి తీసుకురా. నీ థీసిస్ అక్కడే ఆగింది," అంది గైడు మేడం. అప్పటి నుంచి ప్రతి చలికాలం, ప్రతి అమావాస్యకూ వెతుకుతూనే ఉంది. ఇన్నాళ్లూ దొరకనిది ఈరోజు దొరికింది. ఈరోజే బాపు పోయాడు.

తాడును రెండు ముక్కలు చేసి, వెడల్పు మూతి సీసాలు రెండింటిలో సముద్రపు నీళ్లు పట్టి, చెరో ముక్కా వేసి, బ్యాగులో పెట్టుకుని బస్సెక్కింది. గదికి పోయి బట్టలు మార్చుకోవాలని కూడా తోచలేదు. విజయవాడలో బస్సు మారింది. పక్కన కూర్చున్న ఆవిడ చేపల వాసనకు ముక్కు మూసుకుని ఇంకో సీటుకు పోయింది. ఏడుపు వస్తుందేమోనని నాగరాణి కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఎదురుచూసింది. రాలేదు. బాపు ముఖం గుర్తు తెచ్చుకుంది. గుర్తుకొచ్చింది గానీ, ఎవరో చూపించిన ఫోటోలా ఊరికే వచ్చి నిలబడింది. సూర్యాపేట దాటాక చేతులు చూసుకుంది. ఎండిన బురద అట్టలు కట్టి రాలుతోంది. దాన్ని గీరుకుంటూ కూర్చుంది.

నకిరేకల్ సెంటర్‌లో గోపాల్ బండి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. సగం దారిలో వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. బాపు నల్లగొండ దవాఖానలో ఉన్నాడట. కిడ్నీలు ఆగిపోయినయ్, ఇంటికి తీస్కపొండ్రి అని డాక్టర్లు అన్నారట. తీసుకొచ్చారట.

"నాకెందుకు చెప్పలేదురా?" అంది.

"బాపే వద్దన్నడక్కా. అమాస జూస్కోని పోయింది, దాన్ని కదిలియ్యకుండ్రి, పని కరాబైతది అన్నడు. ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

మండిపడాలి. బండి ఆపించి రెండు చెంపలూ వాయించాల్సిన మాట అది. నాగరాణికి ఏమీ అనిపించలేదు. చలిగాలికి బ్యాగు ఊగుతుంటే సీసాలు ఒకదానికొకటి తగలకుండా గట్టిగా పట్టుకుంది.

ఇంటి ముందు డప్పులు మోగుతున్నాయి. ఆమె కోసమే శవాన్ని లేపకుండా ఆపారు. గుర్వయ్యకు గోసి గొంగడి కప్పి పడుకోబెట్టారు. ముఖానికి పసుపు రాసి ఉండటంతో కొత్తవాడిలా ఉన్నాడు. తల్లి భద్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఇక శబ్దం రావడం లేదు. నాగరాణి వెళ్లి పక్కన కూర్చుంది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని వదిలేసింది.

మేనత్త బుచ్చమ్మకు నాగరాణి ఏడవకుండా కూర్చోవడం నచ్చలేదు. బుచ్చమ్మ ఎట్లాంటి మనిషంటే, చావింట్లో ఎవరు ఎంత ఏడ్చారో ఆమెకు తెలియకుండా ఉండదు. "మా అన్న బిడ్డా బిడ్డా అని కొట్టుకున్నడు. ఆ బిడ్డ కంట్లె చుక్క లేదు! రాయి లెక్క గూసున్నది సూడుండ్రి. చదువుకుంటే గుండె గిట్లయితదా?" అని శోకంలోనే కలిపి పాడేసింది. నలుగురూ తిరిగి చూశారు. నాగరాణి ఆ మాట చెవిన వేసుకోలేదు. వేసుకుని బాధపడి ఉంటే ఆమెకే బాగుండేది.

పొద్దు వాలకముందే శవం లేచింది. ఊరి పొలిమేర దాకా పోయి ఆడవాళ్లు వెనక్కి వచ్చారు. శవం ఉన్న ఇంట్లో నిలవ నీళ్లు ఉంచకూడదు. తాగే నీళ్లు, వాడే నీళ్లు, గిన్నెలో మిగిలిన చుక్కతో సహా పారబోసి, కుండలు బోర్లించి, కొత్త నీళ్లు తెచ్చుకోవాలి. ఆ పని ఇంటి ఆడబిడ్డదే. "లే, నీళ్లు పారబొయ్యి. ఏడ్సుడు ఎట్ల జేతనైతలేదు, పనన్న జెయ్యి," అంది బుచ్చమ్మ.

నాగరాణి లేచింది. పని చెప్పారు, చేయాలి. ఆ రోజుకు ఆమెకు అర్థమైన మాట అదొక్కటే. మంచినీళ్ల కుండ వంచింది. బిందెలు వంచింది. వాకిట్లో ప్లాస్టిక్ డ్రమ్ము ఒరిగించింది. పొయ్యి మీద కాగును, మేకపిల్లలు తాగే తొట్టిని కూడా వదల్లేదు. చెంబు, గ్లాసు, దేవుడి దగ్గర గిన్నె, ఏవీ మిగల్లేదు. నీళ్లు ఉన్నవి ఇంకేమైనా ఉన్నాయా అని లోపలికి పోయి చూసింది. మూలన బ్యాగులో రెండు సీసాలు కనిపించాయి. వాటినీ తెచ్చింది. ఒకదాని మూత తిప్పి గిన్నెలు తోమే జాలాట్లో కుమ్మరించింది. తాడు ముక్క నీళ్లతో పాటు జారి బండ మీద పడింది. గులాబీ రంగు తలలు బండకు అతుక్కుపోయాయి. కోడి ఒకటి పరుగెత్తుకొచ్చి ముక్కుతో పొడిచింది.

రెండో సీసా మూత కూడా తీసింది.

"ఆగు బిడ్డా." గోడ దగ్గర నుంచి భద్రమ్మ గొంతు. అప్పటికి అదే ఆమె మాట్లాడిన మొదటి మాట. "గా సీసల ఏందో కదుల్తాంది."

నాగరాణి సీసా వైపు చూసింది. బండ వైపు చూసింది. కోడి పొడుస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లు వెతికినదాన్ని తన చేత్తో తనే పారబోసింది. అయ్యో అనలేదు. కోడిని అదిలించలేదు. రెండో సీసా చేతిలో ఉంది కాబట్టి దాని మూత పెట్టింది.

"మూత పెడ్తవేందే, పారబొయ్యి!" అంది బుచ్చమ్మ. "మైల నీళ్లు ఇంట్ల ఉంచుతరా? మా అన్న దూపకు తిరుగుతడు!"

"గవి మనింటి నీళ్లు గావు. సముద్రం నీళ్లు," అంది భద్రమ్మ.

"ఏ నీళ్లయితేంది వదినె? శవమున్నప్పుడు ఇంట్ల ఉన్నయా లేవా?"

"ఉన్నయి. ఊర్ల చెరువు గూడ ఉన్నది. పోయి పారబొయ్యి. సముద్రానికి మైలేంది బుచ్చమ్మా? గండ్ల పానమున్నదేదో ఉన్నది. దాన్ని పారబొయ్యనియ్య." గొంతు లేని గొంతుతోనే అరిచింది. మొగుడు పోయిన మనిషి, ఆ రోజు ఆమె మాటకు ఎదురు చెప్పే ధైర్యం బుచ్చమ్మకు కూడా లేకపోయింది. సణుక్కుంటూ చీపురు అందుకుంది.

ఆ సీసాను భద్రమ్మే లోపలికి తీసుకుపోయి, కుండ కింది తడి ఇసుకలో పాతినట్టు పెట్టి, చుట్టూ తడి గోనెపట్టా చుట్టింది. చల్లగా ఉండాలని ఎవరూ చెప్పలేదు. పానమున్నదానికి చల్లగా ఉండాలని ఆమే అనుకుంది.

మర్నాడు ఇంట్లో పొయ్యి వెలగలేదు. చుట్టాలు వండి తెచ్చారు. తల్లీ కూతుళ్లు ఇద్దరూ ముద్ద కలిపి వదిలేశారు. జనం పలచబడ్డాక భద్రమ్మ సీసా ముందు చతికిలబడింది.

"ఏందే ఇవి? పూలా?"

"కాదమ్మా. పురుగుల లెక్క. జీవాలు." నాగరాణి గొంతు పాఠం అప్పజెప్పినట్టు ఉంది. "గా తల ఉన్నది సూడు, అది నోరు. ఎన్ని తలలుంటే అన్ని నోళ్లు. కింద కాడలన్నీ కలిసి ఉంటయి. లోపల కడుపు ఒక్కటే."

"ఒక్క కడుపా?"

"ఒక్కటే. ఒగ నోరు తింటే అన్నిటికి చేరుతది."

భద్రమ్మ సీసా మీదికి ఇంకాస్త వంగింది. "ఒగని ముద్ద ఒగడు గుంజుకునే మీ బాపు అన్నదమ్ములల్ల పుట్టాల్సినయి గాదు ఇవి," అంది. అన్నాక తనకే నవ్వు వచ్చినట్టుంది, పెదవి వణికి ఆగిపోయింది. "ఏం తింటయి మరి? మెతుకులేద్దునా?"

"వద్దమ్మా! నీళ్లు చెడిపోతయి. నీళ్లల్లనే కంటికి కనిపియ్యనియి ఉంటయి, అవే తింటయి."

"గీ సీసల అవెన్నుంటయే? నిన్నటి సంది ఉపాసమున్నయా?" అని నొచ్చుకుంది. ఇంటికి చుట్టం వస్తే అన్నం పెట్టలేకపోయినట్టు. ఆ పూట అంతా అక్కడే కూర్చుంది. మీసాలు నీళ్లలో మెల్లగా ఊగుతుంటే చూసింది. పరామర్శకు వచ్చినవాళ్లు వాకిట్లో ఏడుస్తుంటే వెళ్లి నాలుగు మాటలు మాట్లాడి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంట్లో ఆమె చూడగలిగింది అదొక్కటే, ఇంకెటు చూసినా గుర్వయ్య చొక్కానో కర్రో కనిపిస్తోంది.

ముందురోజు నాగరాణి బస్సులోంచి పెట్టిన మెసేజీ చూసి, ఆ మధ్యాహ్నమే గైడు మేడం ఫోను చేసింది. మంచి మనిషి, ముందు తండ్రి గురించే అడిగింది. తర్వాత ఇబ్బంది పడుతూనే అసలు మాటకు వచ్చింది. "ఇప్పుడు అడగకూడదమ్మా, నాకు తెలుసు. ఆ నమూనా ఏం చేశావు?"

"సగం పోయింది మేడం. సగం ఉంది."

"విచ్చుకునే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అయితే ఇవాళే స్పిరిట్‌లోకి మార్చెయ్యి తల్లీ. నీ గడువు ఈ ఏడుతో సరి. ఆ హార్బర్‌లో పాత గుంజలు, తాళ్లు కూడా తీసేస్తున్నారట, మళ్లీ వెతుక్కుందామన్నా ఉండవు. బతికుండగా చంపితేనే పనికొస్తాయి, నీకు నేను చెప్పాలా?"

స్పీకర్లో ఉంది ఫోను. నాగరాణికి చెవి దగ్గర పెట్టుకునే ఓపిక లేక అట్లా పెట్టింది. భద్రమ్మ అంతా విన్నది.

"సంపుతవా దాన్ని?"

"సంపాలె అమ్మా. సంపి దాచిపెడితెనే నమ్ముతరు. మన కాడ ఇది ఉన్నదని రాయాలంటే చూపియ్యాలె. లేకుంటే ఇన్నేండ్లు చేసిందంత పోతది."

భద్రమ్మ రెండు చేతులతో సీసాను చుట్టేసింది. "నిన్ననే ఇంట్ల ఒగ పానం పోయింది. నా కండ్ల ముంగట పోయింది. నీకు జెప్తే అర్థం గాదు, నువ్వు సూడలే. గీ ఇంట్ల మల్ల ఇంకో పానం తియ్యకు రాణీ. నీకు దండం బెడ్త."

ఇంకో రోజయితే నాగరాణి ఊరుకునేదా? చదువు మాన్పించి పెళ్లి చేస్తామని బుచ్చమ్మ సంబంధం తెచ్చిన నాడు ఇల్లు పీకి పందిరేసిన పిల్ల అది. చంపకపోయినా ఇవి బతకవని, ఇక్కడ సముద్రం లేదని, ఇవాళ కాకపోతే రేపు పోతాయని చెప్పొచ్చు. చెప్పడానికి నోరు లేవలేదు. ఒక పక్క ఇన్నేళ్ల చదువు, ఒక పక్క అమ్మ. రెండూ ఎక్కడో దూరంగా, ఇంకెవరివో అయినట్టు కనిపించాయి.

"సరే," అంది. అని గోడకు తిరిగి పడుకుంది. తన చదువుకు అక్కడితో నీళ్లు వదిలినట్టేనని తెలుసు. తెలిసినా ఏమీ కాలేదు.

మూడో నాడు పొద్దున పిట్టకు పెట్టారు. గుర్వయ్యకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, చెట్టు కింద పెట్టి దూరం జరిగారు. కాకి వెంటనే వచ్చి ముట్టింది. "మనసుల ఏం పెట్టుకోకుండ పోయిండు మా అన్న," అని బుచ్చమ్మ చేతులు జోడించింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. భద్రమ్మ ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని నేరుగా సీసా దగ్గరికి పోయింది.

"రాణీ! ఇట్రా. ఒగటి తల రాలింది."

నాగరాణి వచ్చి చూసింది. ఒక గులాబీ తల కాడ నుంచి విడిపోయి సీసా అడుగున పడి ఉంది. ఇంకో రెండు వాలిపోయాయి. నీళ్లు కొద్దిగా మబ్బుపట్టాయి.

"ఏమైందే?"

"నీళ్లు పాడైతున్నయి. పడకపోతే అవే తల రాల్చుకుంటయి అమ్మా. ఒకదాని ఎనక ఒకటి. మాపటికి ఏం మిగలవు."

"నువ్వు సంపకున్నా పోతయా?"

"పోతయి."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

భద్రమ్మ కూతురి ముఖంలోకి చూసింది. బస్సు దిగి వచ్చిన నాటి నుంచి ఆ ముఖం ఒకే తీరుగా ఉంది. సీసాలోకి చూసింది. విచ్చుకుని ఉన్న తలలు ఇంకా ఉన్నాయి.

"మందల ఒగటి సుస్తయి పడిపోతే, ఇగ లేవదని తెలిస్తే, మీ బాపు ఏం జేసేటోడు?" అంది. కూతుర్ని అడిగినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టు ఉంది. "పానం ఉండంగనే కోసేటోడు. ఏడ్సుకుంటనే కోసేటోడు. సచ్చినంక దేనికి పనికొస్తదని. మరి ఇదీ గంతేనా?"

"గంతేనమ్మా."

"కానియ్యి మరి. ఎదురుచూసుడు పాపం." చెంగుతో ముఖం తుడుచుకుంది. "నొస్తదా దానికి?"

"నొయ్యదు. ముందుగాల ఉప్పు నీళ్లు పోస్త. భేది ఉప్పు. దాంతోని మొద్దుబారిపోతయి. ఇగ స్పిరిట్‌ల ఏసినా, ఏం జేసినా తెల్వదు వాటికి."

"నీ లెక్కనా?" అంది భద్రమ్మ.

నాగరాణి లేచి బ్యాగు తెచ్చుకుంది. గాజు గిన్నె తీసి, తాడు ముక్కను సముద్రపు నీళ్లతో సహా అందులోకి వంచింది. కొత్త నీళ్లలో భేది ఉప్పు కలిపింది. గడప దగ్గర వెలుతురు బాగుందని అక్కడికి జరిగింది. డ్రాపరు నింపి, గిన్నె అంచు మీద ఆనించి, ఒక చుక్క వదిలింది. తలలు ఒక్కసారి ఉలిక్కిపడి మళ్లీ విచ్చుకున్నాయి. ఇక్కడే ఉంది పని అంతా. ఒకేసారి పోస్తే ముడుచుకుంటాయి, మధ్యలో ఆపినా ముడుచుకుంటాయి. వాటికి తెలియనంత మెల్లగా, ఒక చుక్క తర్వాత ఒక చుక్క పోతూ ఉండాలి. చేతికి అలవాటైన పని కాబట్టి చెయ్యి చేసుకుపోతోంది. భద్రమ్మ ఎదురుగా కూర్చుని, ఎండ పొడ నేరుగా గిన్నె మీద పడకుండా కొంగు అడ్డం పట్టింది. మీసాల కదలిక నెమ్మదించింది.

"గిట్లనే పోసిన," అంది భద్రమ్మ.

"ఏంది?"

"మీ బాపుకు. పొద్దు పొడవకముందే గుర్రు లేసింది. ఇగ నోట్లె నీళ్లు పొయ్యుండ్రి అన్నరు. దూది ముంచి చుక్క చుక్క పోసిన. మింగిండు. గోపాల్ పోసిండు, మింగిండు. నువ్వు లేవు గద. ఆడబిడ్డ చెయ్యి లేకుండ పోతడా అని నీ పేరు మీద నేనే పోసిన. రాణి పోస్తాంది, తాగయ్యా అన్న."

నాగరాణి తలెత్తలేదు. ఇంకో చుక్క వదిలింది.

"మింగలే," అంది భద్రమ్మ. "బుగ్గ మీదికెళ్లి కారిపోయింది. మల్లోపారి పోసిన. గది గూడ మింగలే. కొంగుతోని తుడిసిన. నిన్ను రావద్దని జెప్పింది ఆయ్ననే. మల్ల ఆఖరికి నీ కోసం నోరు మూసుకున్నది గూడ ఆయ్ననే. నువ్వొచ్చి పోస్తవనుకున్నడు బిడ్డా."

చుక్క గిన్నెలో పడలేదు, గడప మీద పడింది. ఎక్కడి నుంచో ఒక కేక లాంటిది వినిపించింది. అది తన గొంతేనని నాగరాణికి తెలియడానికి కొంచెంసేపు పట్టింది. వాకిట్లో ఉన్న బుచ్చమ్మ చీపురు పారేసి పరుగెత్తుకొచ్చి, గడప బయటే ఆగిపోయింది. నాగరాణి "బాపూ" అంటోంది. ఇంకో మాట రావడం లేదు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. కన్నీళ్లు ముక్కు మీదుగా, గడ్డం మీదుగా చేతుల మీద పడుతున్నాయి. గిన్నెలో ఒక తల చుట్టూ మీసాలు లోపలికి వంగడం మొదలైంది.

భద్రమ్మ కూతురి మోచేతి కింద తన చెయ్యి పెట్టి పైకి లేపింది. డ్రాపరును తిరిగి గిన్నె అంచుకు చేర్చింది.

"ఆపకు. ఆపితే ముడుసుకుంటయంటివి గద. పొయ్యి బిడ్డా, ఏడ్సుకుంటనే పొయ్యి."

నాగరాణి ఏడుస్తూనే పోసింది.